కోరని హింస ఎవరి పద్దు?

చంపవలెనను తలంపు లేకుండ ప్రాణి చనిపోయినచో ఆ దోషము ఎవరిది? జైన గృహస్థులకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు. దీపమునకు వచ్చిన పురుగు, కాలి క్రింది చీమ అను ఉదాహరణములతో పెద్దలు దీనిని చర్చించుచునే యున్నారు. సముద్రములో జరిగిన సంగతి యొకటి దీనిని మరింత చిక్కుపరచుచున్నది.

డాల్ఫిన్ చేప కాదు. పిల్లలను కని పాలిచ్చు జంతువు. గాలి పీల్చుటకు మాటిమాటికి నీటిపైకి రావలెను. వలలో చిక్కి రాలేనిచో నీటిలోనే ఊపిరాడక చచ్చును.

తూర్పు పసిఫిక్ మహాసముద్రములో డాల్ఫిన్ మందల క్రింద పసుపురెక్కల ట్యూనా చేపలు ఈదుచుండును. 1950 దశకము చివరినుండి ఓడలవారు డాల్ఫిన్లను మోటారు పడవలతో తరిమి, మంద చుట్టును పెద్ద వల దించి, అడుగుభాగమును సంచిమూతివలె బిగించి ట్యూనాను పట్టసాగిరి. వారికి కావలసినది ట్యూనా. డాల్ఫిన్ దాని జాడ తెలుపు గుర్తు మాత్రమే. అయినను 1960 దశకములో ఏటేట లక్షల డాల్ఫిన్లు ఆ వలలలో చచ్చినవి. కళేబరములను సముద్రములోనే పారవైచిరి.

“మేము కోరలేదు” అని వారన్నచో అది అబద్ధము కాదు. కాని తత్త్వార్థసూత్రములో ఉమాస్వాతి హింసకు చెప్పిన లక్షణములో ప్రమాదమను మాట ముందున్నది. ప్రమాదమనగా ఇచ్చట ఏమరుపాటు. సంప్రదాయము అనంతపురము జిల్లా కొనకొండ్లతో ముడిపెట్టు కుందకుందాచార్యులు ప్రవచనసారములో ఇంకను స్పష్టముగా చెప్పిరి: ప్రాణి చచ్చినను చావకున్నను, ఏమరి నడచువానికి హింస నిశ్చయము, జాగ్రత్తతో నడచువానికి ప్రాణి చచ్చినంత మాత్రమున బంధము లేదు.

మొదటి వల తెలియక వేసినది కావచ్చును. నూరవ వల వేయునప్పటికి ఏమి జరుగునో వేసినవానికి తెలియును. జాగ్రత్తకు దారి లేకపోలేదు. ఓడను వెనుకకు నడిపి, వల అంచును నీటిలోనికి దింపి, డాల్ఫిన్లను బయటికి పోనిచ్చు పద్ధతిని 1960 ప్రాంతమున ఓడ నాయకులే కనిపెట్టిరి. 1972లో అమెరికా సముద్ర క్షీరదముల రక్షణకు చట్టము చేసినది. అయినను 1986లో లక్షకు పైగా చచ్చినవి. తరువాత ప్రతి పెద్ద ఓడపైన పరిశీలకుని నియమించిరి. ఏటి లెక్క వేయికి లోబడినది. అట్లయినచో వెనుకటివన్నియు తప్పనిసరి చావులని ఎట్లనగలము?

చేసినవాడు, చేయించినవాడు, సమ్మతించినవాడు అని మన శాస్త్రము ముగ్గురిని లెక్కించును. ట్యూనా ఓడలో వంటవాడుగా చేరిన శామ్యూల్ లబడ్డె తీసిన చిత్రమును 1988లో అమెరికా ప్రజలు టెలివిజనులో చూచిరి. 1990లో డబ్బాల కంపెనీలు డాల్ఫిన్లను చుట్టి పట్టిన సరుకు కొనమని ప్రకటించెను. కొనువాడు వద్దన్న పిమ్మట వల మారినది. ఇందులోను చిక్కు కలదు: తేలు దుంగల చుట్టును వల వేసినచో డాల్ఫిన్లు తప్పించుకొనును గాని పిల్ల ట్యూనాలు, సొరచేపలు పడును. అంతేకాదు, డాల్ఫిన్‌కు క్షేమమని చీటీ అంటించిన డబ్బాలో నున్నదియు పంచేంద్రియ ప్రాణియే.

జాలరిని నిందించుట సులువు. అతనికి అది పూటకూడు. చేపను ముట్టని వర్తకుని మాట వేరు. ఒడిశాలోని చిలికా సరస్సులో ఇరావడి డాల్ఫిన్లు కలవు, వాటికి ముప్పు తెచ్చు సన్నని నైలాను వలలును కలవు. ఆ తీరమున జైన వర్తకుడు నైలాను దారము అమ్మవచ్చును, వల కొనుటకు అప్పు ఇయ్యవచ్చును. ఆ వడ్డీని ఏ పద్దున వ్రాయవలెను?