తగవు ఎవరికి తీరింది?

పాత తెలుగులో ‘తగవు’ అంటే న్యాయం. ఇప్పుడు జగడం. పీహెచ్‌డీ రోజుల్లో ఈ అర్థం మారిన తీరు చూసి నవ్వుకున్నాను. నరసన్నపేటలో మా ఇంటి అరుగు గుర్తొచ్చాక నవ్వు ఆగిపోయింది. అరుగు మీద పెద్దమనుషులు, అందరూ మగవాళ్ళే. తలుపు వెనక మా పిన్ని. ఆమెకు తగిలిన దెబ్బల లెక్క వీధంతా వింటుండగా తేల్చేవారు. చివర్న "ఏటమ్మా, ఒప్పుకున్నట్టేనా?" అని ఒకరు కేకేసేవారు. ఆమె తలూపితే తగవు తీరినట్టు. అలా మూడుసార్లు తీరింది.

అందుకే 2013లో కె. శ్రీనివాసరావు, డి.ఎ. దీప కేసులో సుప్రీంకోర్టు, రాజీకి వీలుండి ఇద్దరూ ఇష్టపడితే 498ఏ కేసుల్ని కూడా మధ్యవర్తిత్వానికి పంపమన్నప్పుడు, మా అరుగే కోర్టులోకి నడిచి వెళ్ళిందనుకున్నాను. స్త్రీల విషయంలో రాజీ అంటే ఎవరు వంగుతారో మనకు తెలియనిదా?

2019లో పిన్ని కూతురికి అదే అవసరం పడింది. "ఒప్పేసుకో, కోర్టయితే ఏళ్ళు పడుతుంది" అని బస్సులో దానికి నచ్చజెప్పింది నేనే. అరుగు మీద నేనూ కూర్చున్నానన్నమాట.

మధ్యవర్తి ఒక మహిళా న్యాయవాది. ఇద్దరితో విడివిడిగా మాట్లాడారట. పిన్నీ నేనూ బయట బెంచీ మీదే ఉన్నాం. లోపలి మాట లోపలే ఉండాలన్నది నియమం. చట్టం క్షమించాలి, చెల్లి ఆ రాత్రే చెప్పేసింది.

"నీకేం కావాలమ్మా అని అడిగినారప్పా. అలాగ నన్నెవరూ అడగనేదు. నా కుట్టుమిషను కావాలన్నాను. కొట్టినానని ఆయన నోటితో సెప్పాలన్నాను."

అతను చెప్పాడు. డబ్బూ ఇచ్చాడు, మిషనూ వచ్చింది. తీర్పు మనోవర్తి ఇప్పించగలదు గానీ ఈ మాట చెప్పించలేదు. అయితే అది గది దాటదన్న భరోసా ఉంది కనుకే అతను నోరు విప్పాడు. 2023 మధ్యవర్తిత్వ చట్టం గృహహింసకు సంబంధించిన సమాచారానికి ఆ గోప్యత వర్తించదంది. అలా రాసినందుకు సంతోషించాను. కానీ ఆ రోజున ఆ నిబంధన ఉండి ఉంటే అతను ఒప్పుకునేవాడా? చెల్లికి దక్కిన ఆ ఒక్క వాక్యమూ దక్కేదా? నేనింకా తేల్చుకోలేదు.

ఆ రాత్రి పిన్ని మొత్తం విని ఒకటే అడిగింది.

"ఎంతమంది ముందర ఒప్పుకున్నాడే?"