ఇసుక మోసిన దెబ్బ

ఒక ఊరి తాలింఖానాలో ఇద్దరు శిష్యులు ఉండేవారు. ఇద్దరిదీ ఒకే ఎత్తు, ఒకే బరువు. గురువు వాళ్లకు 2 మీటర్ల గోడ మీది నుంచి దూకడం నేర్పాడు. మునివేళ్లు ముందు నేలను తాకాలి, తర్వాత మడమలు ఆనాలి, ఆ వెంటనే మోకాళ్లూ నడుమూ వంగాలి. అదీ ఆయన చెప్పిన పద్ధతి.

చిన్న శిష్యుడు అలాగే చేశాడు. కాళ్లు నేలకు ఆనగానే గొంతుక్కూర్చుని లేచేవాడు. పెద్ద శిష్యుడికి అది నామోషీ అనిపించింది. అతను కాళ్లు బిగబట్టి దూకేవాడు, నిటారుగా నిలబడేవాడు. ఎన్నాళ్లు దూకినా అతనికి ఏమీ కాలేదు. అదంతా తన కాళ్ల బలమేననుకున్నాడు. చూసినవాళ్లూ అదే అనుకున్నారు. గోడ కింద గురువు రోజూ పారతో గుల్ల చేయించే ఇసుక ఉండేది. అతను దూకినప్పుడల్లా అది జానెడు లోతుకు దిగేది. ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

జాతర రోజున ఇద్దరూ గుడి దగ్గర అంతే ఎత్తున్న గోడ మీది నుంచి దూకారు. కింద బండలు పరిచి ఉన్నాయి. చిన్నవాడు వంగి లేచాడు. పెద్దవాడు ఎప్పటిలాగే బిగుసుకుని దూకాడు. మడమ ఎముక విరిగింది.

గురువు కోప్పడలేదు. మంచం పక్కన కూర్చుని లెక్క కట్టి చూపించాడు. ఆ ఎత్తు నుంచి ఎవరు దూకినా నేలను తాకేసరికి గంటకు 22 కిలోమీటర్లకు పైగా వేగం ఉంటుంది. ఆ వేగం ఎంత దూరంలో ఆగిందన్న దాన్ని బట్టే దెబ్బ ఉంటుంది. ఒళ్లు అర మీటరు కిందికి వంగుతూ ఆగితే కాళ్ల మీద పడే బలం సగటున ఒంటి బరువుకు 5 రెట్లు. ఇసుకలో 20 సెంటీమీటర్లు దిగి ఆగితే 11 రెట్లు. బండ మీద 2 సెంటీమీటర్లలోనే ఆగితే దాదాపు 100 రెట్లు.

ఎముక అతుక్కున్నాక పెద్ద శిష్యుడు ముందు పార పట్టి ఇసుక గుల్ల చేశాడు. ఆ తర్వాతే గోడ ఎక్కాడు. ఈసారి వంగి దిగాడు.

నీతి: పడే వేగం మన చేతిలో ఉండదు, దాన్ని ఎంత మెల్లగా ఆపుకుంటామన్నది చాలావరకు మన చేతిలోనే ఉంటుంది. కష్టం వచ్చినప్పుడు ఒదగడం ఓటమి కాదు, దెబ్బను ఎముక దాకా రానివ్వకపోవడం. ఎన్నడూ వంగకుండా నిలిచామని గర్వపడేవాళ్లు, ఇన్నాళ్లూ తమ కోసం ఎవరు వంగారో ఒకసారి కిందికి చూసి తెలుసుకోవాలి.