తేనీటి తృప్తి – పరుల శ్రమ

ప్రాతఃకాలమున పూజ ముగిసిన పిమ్మట గృహస్థుని చేతికి ఒక గిన్నెడు తేనీరు వచ్చును. పాలు కలుపని తేనీరైనచో దాని రంగు, పరిమళము, కొంచెపు వగరు స్పష్టముగా తెలియును. ఇంత చిన్న సుఖమును గూర్చి ధర్మవిచారమేల యని కొందరు అడుగవచ్చును. కాని మనుష్యుని ధర్మము మహాసంకటములందు మాత్రమే పరీక్షింపబడదు. ప్రతిదినము ఆలోచింపక చేయు పనులందే అది యెక్కువగా పరీక్షింపబడుచుండును. విషరసాయనములు లేక పండించినది, పనివారికి న్యాయమైన కూలి యిచ్చి తయారుచేసినది అని తెలిసి కొన్న తేయాకు వలన కలుగు తృప్తి నిజమైన ధర్మతృప్తియా, లేక ధనము వెచ్చించి కొన్న ఆత్మస్తుతియా? ఇదియే విచారణీయమైన ప్రశ్న.

తేయాకు తోటలో ఒక మొగ్గను, రెండు లేత ఆకులను వ్రేళ్లతో గిల్లి వీపున వ్రేలాడు బుట్టలో వేయుదురు. ఈ పని చేయువారిలో అధికులు స్త్రీలు. ఆ ఆకును వాడబెట్టి, నలిపి, గాలి తగులునట్లు పరచి, రంగు మారిన పిమ్మట వేడిగాలిలో ఎండబెట్టుదురు. ఒక కిలో పొడికి నాలుగు కిలోలకు పైగా పచ్చి ఆకు కావలెను. అనగా ఎవ్వరి గిన్నెలోని తేనీరైనను ఎవ్వరో ఒక స్త్రీ వ్రేళ్లను దాటియే వచ్చును.

ఆ శ్రమకు చరిత్ర కలదు. 1839లో అస్సాము కంపెనీ ఏర్పడిన తరువాత తోటలు విస్తరించినవి. ఛోటా నాగపూరు ప్రాంతమునుండియు, మన గంజాము, విశాఖపట్టణము సీమలనుండియు పేదలు అక్కడికి కొనిపోబడిరి. ఒప్పందమును విడిచిపోయిన కూలివానిని నేరస్థునిగా శిక్షించుటకు 1859 నాటి చట్టము అవకాశమిచ్చెను. 1921లో చర్గోలా లోయనుండి వేలాది కూలీలు తోటలను విడిచి స్వస్థలములకు బయలుదేరగా, చాంద్‌పూర్ రైలుస్టేషనులో సైనికులు వారిపై దాడిచేసిరి. స్వతంత్ర భారతములో 1951 నాటి తోటకార్మికుల చట్టము నివాసము, త్రాగునీరు, వైద్యము కల్పించుటను యజమానుల విధిగా చేసెను. అయినను 2015లో కేరళలోని మున్నారులో వేలకొలది స్త్రీలు బోనసు తగ్గింపును నిరసించి పనిమాని రోడ్డుపై కూర్చుండవలసి వచ్చెను.

తేనీటి రుచి ఆకులో ఉండును గాని కూలివాని బ్రతుకులో ఉండదు గదా యని ఒక వాదము. నిజమే, దొంగిలించిన బంగారమును సొంత బంగారము వలెనే మెరయును. కాని అది దొంగసొత్తని ఎరిగియు ధరించువాని ఆనందము మునుపటివలె ఉండునా? మనుష్యుని అనుభవము నాలుకతో ముగియదు. ఆయ్దక్కి మారయ్య వీధిలో రాలిన బియ్యము నేరుకొనుటయే కాయకముగా జీవించిన శరణుడు. ఒకనాడు ఆయన అవసరమునకు మించి తెచ్చిన బియ్యమును ఆయన ధర్మపత్ని లక్కమ్మ అంగీకరింపక, తిరిగి అక్కడనే వేసి రమ్మనెనని శరణచరిత్ర చెప్పుచున్నది. ఆ బియ్యమునందు రుచిదోషము లేదు. వచ్చిన మార్గమునందే ఆమె దోషమును చూచెను. వీరశైవుడు భోగమును నిరాకరించువాడు కాడు. లింగమునకు అర్పించి ప్రసాదముగా అనుభవించువాడు. అట్టివాడు అర్పించుటకు ముందు పదార్థము యొక్క శుచిని చూచును గదా! పరుల కూలిని అపహరించి తెచ్చిన పదార్థమునకు కేవలము నీటితో శుచి రాదు.

ఇట్టి కొనుగోలు ధనవంతుల గర్వమే గాని దానివలన లోకము మారదని రెండవ వాదము. దీనికి చరిత్రయే కొంత సమాధానము. 1791లో విలియం ఫాక్స్ అను ఆంగ్లేయుడు, బానిసలు పండించిన చక్కెరను త్యజింపుడని ఒక చిన్న పుస్తకమును ప్రకటించెను. అనేక కుటుంబములు తేనీటిలో ఆ చక్కెరను మానుకొనినవి. బానిస వ్యాపారము 1807లో నిషిద్ధమైనది. బానిసత్వమును రద్దుచేయు చట్టము 1833లో వచ్చినది. గృహస్థుల త్యాగము ఒక్కటియే దీనిని సాధింపలేదు. బానిసల తిరుగుబాట్లును అందుకు కారణమయ్యెను. అయినను తన గిన్నెలోనిది ఎచ్చటినుండి వచ్చెనని అడుగు అలవాటు సమాజమునకు అబ్బినది. అది వ్యర్థము కాదు.

అయితే ఇచ్చట ఒక భ్రమను తొలగించుకొనవలెను. సేంద్రియము వేరు, న్యాయము వేరు. విషరసాయనములు వాడనిచో త్రాగువానికిని, నేలకును, అందరికంటె ముందు మందు చల్లు కూలివానికిని మేలు. సిక్కిములో 1969లో ప్రభుత్వము స్థాపించిన టెమీ తోట వంటివి ఈ మార్గమున నడచుచున్నవి. 2001 నుండి భారతదేశములో సేంద్రియ పంటలకు జాతీయ ప్రమాణములును అమలులో ఉన్నవి. కాని ఆ ముద్ర మందులను గూర్చి చెప్పునే గాని కూలిని గూర్చి చెప్పదు. దిగుబడి తగ్గిన నష్టమును యజమాని కూలివారిపైననే మోపినచో ఆ తేనీరు విషరహితమైనను దోషరహితము కాదు. మున్నారు స్త్రీలు ఎదిరించిన సంస్థలో అధిక వాటాలు ఉద్యోగులవే. అట్లయినను వారి మొర వినబడుటకు రోడ్డెక్కవలసి వచ్చెను. ఇరువది శాతము చెల్లింపును వారు తమ ఐకమత్యముతో సాధించుకొనిరి. కావున డబ్బాపై ముద్రను చూచుట విచారమునకు ఆరంభమే గాని అంతము కాదు.

మరి పేద కుటుంబము మాటయేమి? అంగడిలో చౌకగా దొరకు పొడిని కొనువానిని నిందించుట అధర్మము. అతడును తక్కువ కూలికి శ్రమించువాడే. ఒక కూలివానిని దూషించి వేరొక కూలివానికి న్యాయము చేయలేము. భారము శక్తిగలవారిది. దాసోహమునకై మూటలకొలది తేయాకు కొను మఠములు, కలిగిన గృహస్థులు ముందుగా ఆ ప్రశ్న అడుగవలెను: ఈ ఆకు ఏ తోటది? కూలి ఎంత? మందు చల్లువారికి రక్షణ ఏది? మూడు గిన్నెలు త్రాగుచోట రెండు త్రాగినను, ఆ రెండింటికి న్యాయమైన వెల చెల్లింపవచ్చును.

అట్లు అడిగి, చెల్లించి, త్రాగువాడు సంకోచింపక ఆనందింపవచ్చును. ఆనందము పాపము కాదు. తన ఆనందమునకు కారకులైనవారిని మరచుటయే పాపము. ఉదయపు తేనీరు చేతికి వచ్చినపుడు, కొండవాలున బుట్ట మోయుచున్న ఆ తల్లిని ఒక్క నిమిషము స్మరించువాని గిన్నెలో వగరు తగ్గదు గాని, కృతజ్ఞత చేరును.