తలుపు తెఱచినఁ జాలునా?

1874వ సంవత్సరమునఁ గందుకూరి వీరేశలింగముపంతులుగారు ధవళేశ్వరమున బాలికాపాఠశాలను స్థాపించినప్పుడు మూసియున్న తలుపొకటి తెఱువఁబడెను. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము 6 మొదలు 14 ఏండ్లవఱకుఁ గల బిడ్డలందఱకును ఉచితవిద్యను హక్కుగాఁ జేసెను. ఇవి పుణ్యకార్యములే. అయినను, తలుపు తెఱచినంతమాత్రమున సమానావకాశము సిద్ధించెనని మేము తలంపము.

ఒక బాలుఁడు కడుపునిండ భుజించి, తండ్రియొద్దఁ బాఠము వల్లించి బడికి వచ్చును. ఒక బాలిక నీళ్లు మోసి, చంటితమ్ముని నిద్రపుచ్చి వచ్చును. పరీక్ష యిరువురకు నొక్కటియే. ఓడిన బాలికను మందమతి యనుట న్యాయమా? గెలిచినవాఁడు తన గెలుపును సొత్తుగాఁ గాక ఋణముగా నెంచవలెను. పరమేశ్వరుఁ డెల్లరకుఁ దండ్రి యని ప్రార్థనామందిరమునఁ బలుకు మేము, వెనుకఁబడిన యాతని బిడ్డకుఁ జేయూఁత నీయనిచో, మా ప్రార్థన పెదవులు దాఁటదు.