పరిగె ఎవరి సొమ్ము?

బీదబిడ్డ చదువునకు మనము చేయు సాయము దానమా, ఋణమా? పరిగె బీదలకును పరదేశులకును ధర్మశాస్త్రమే యిచ్చిన హక్కు. అయితే బోయజు హక్కుతో సరిపెట్టలేదు. రూతు కొరకు పనలలోనుండి కొంత కావలెననియే విడువుడనియు, ఆమెను గద్దింపవద్దనియు కోతవారికి చెప్పెను (రూతు 2వ అధ్యాయము).

మన పాతబస్తీని చూడుడి. 2015 జనవరిలో భవానీనగర్ గాజుల కార్ఖానాలనుండి పోలీసులు రెండు వందలకు పైగా బాలురను విడిపించిరి. పెక్కుమంది బీహారు బిడ్డలు. 6 మొదలు 14 ఏండ్ల వరకు ఉచిత విద్య హక్కని 2009 చట్టము అప్పటికే చెప్పియుండెను. హక్కున్నను వారు బడిలో లేరు. బడికి జీతము లేకపోయినను, ఇంటికి వారి కూలి కావలసియుండెను.

భాగ్యరెడ్డివర్మ (1888–1939) బాల్యమున బీదవాడు. ఫ్రాన్సిస్ జేవియర్ డోస్ సాంటోస్ అను న్యాయవాది యింట పనికి కుదిరెను. ఆ యజమాని కూటితో సరిపెట్టక చదువునకును ప్రోత్సహించెను. ఆ బాలుడే పెద్దవాడై, 1910లో హైదరాబాదు ఇసామియా బజారు, లింగంపల్లిలలో అంటరానివారని త్రోయబడిన పిల్లలకు బడులు పెట్టెను. ఒక యింట విడిచిన పరిగె పెక్కు వీధులకు విత్తనమాయెను.

దానమని యిచ్చినచో బిడ్డ మనయెదుట తల వంచవలెనని కోరుదుము. ఋణమని యిచ్చినచో అతడు తల యెత్తుటయే మనకు చెల్లు.

ప్రియులారా, పుస్తకములు కొనియిచ్చుట మంచిదే. కాని ఆ యింటి బాడుగలో కొంత మోయువారు, సాయంకాలము గంటసేపు కూర్చుండి లెక్కలు నేర్పువారు, పరీక్ష తప్పిననాడు గద్దింపనివారు కావలెను. గద్దింపకుండుటయు బోయజు ఆజ్ఞలోని భాగమే గదా!