మూగజీవి మరణము - వైద్యుని మాట

నోరులేని ప్రాణి తన బాధను చెప్పుకొనజాలదు. చావును కోరనూ జాలదు. దాని పక్షమున మరణమును నిర్ణయించు అధికారము మానవునకు కలదా?

1928లో సబర్మతీ ఆశ్రమమున ఒక లేగదూడ అవయవములు చెడి, ప్రక్కకు ఒత్తిగిలుటకైనను ఓర్వరాని బాధ ననుభవించుచుండెను. ఇక ఆశ లేదని వైద్యుడు తెలిపెను. గాంధీజీ సహవాసులతో చర్చించి, సూదిమందుచే దాని ప్రాణము పోవునట్లు చేయించెను. అహింసావ్రతుడే హింస చేసెనని పలువురు ఆక్షేపించిరి. రోగము కుదరనిదై, సేవకును తావు లేక, రోగి తన కోరికను తెలుపలేని స్థితియందే అది తగునని ఆయన వివరించెను.

నేడు దిల్లీలోని వసంత్ కుంజ్ వంటి కాలనీలలో కుక్కను బిడ్డవలె పెంచుకొనువారికి ఈ ప్రశ్నయే ఎదురగుచున్నది. "మీరైతే ఏమి చేయుదురు, డాక్టరుగారూ?" అని వారడుగుదురు. వైద్యుడు ఆజ్ఞాపింపరాదు, తప్పించుకొననూరాదు. అది తినుచున్నదా, లేవగలదా, పిలిచిన తోక ఊపుచున్నదా అని విచారించి, నొప్పి తగ్గించు మార్గమింకను మిగిలియున్నదో లేదో ఉన్నదున్నట్లు చెప్పవలెను. మొదట మత్తునిచ్చి, పిదప ప్రాణము పోవునంతటి మోతాదులో మందెక్కింతురనియు ముందే తెలుపవలెను. "నిద్రపుచ్చుట" యను మెత్తని మాటతో చావును కప్పిపుచ్చరాదు.

బ్రతికించి ఉంచుటయే క్రూరత్వమగు స్థితి కలదని 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము సైతము అంగీకరించినది. కాని చట్టము హృదయమును పరీక్షింపజాలదు. అంతమగుచున్నది ప్రాణి బాధయా, లేక యజమాని విసుగా? విసుగుచే చంపుట హింస. విడువలేని మమకారముచే బాధను పొడిగించుటయు హింసయే. ఈ రెంటిని వేరుచేసి చూపి, యజమాని తనంతట తానే నిర్ణయించుకొనునట్లు ఓపికతో నిలుచుటయే వైద్యుని ధర్మము. తుదిక్షణమున దాని తలపై చేయి నుంచి ప్రక్కనే ఉండుట యజమాని ధర్మము.