మూసిన వాకిలి

ఆటలో ఓడుట యొక దుఃఖము. ఆడనియ్యకపోవుట వేరొక దుఃఖము. మొదటిదానికి మందు కలదు. ఓడినవాడు తన యెత్తులను మరల పేర్చి చూచుకొని, ఇచ్చట గుఱ్ఱమును కదపవలసియుండెను, అచ్చట తొందరపడితిని అని తన్ను తాను దిద్దుకొనగలడు. రెండవదానికి అట్టి ఊరట లేదు.

నేడు చదరంగము అంతర్జాలము మీదుగా విరివిగా ఆడబడుచున్నది. ఆటగాండ్రిరువురు రెండు ఖండములలో నుండవచ్చును. బల్ల, పావులు, గడియారము ఎక్కడనో యున్న సర్వరు అధీనములో నుండును. నడుమ కనెక్షను తెగినచో బల్ల కనుమఱుగగును. గడియారము మాత్రము నిలువదు. ఆటగాడు తిరిగి ప్రవేశించుటకు మరల మరల ప్రయత్నించుచుండును, వాకిలి తెరచుకొనదు. లోపల తన రాజు క్షేమముగనే యున్నాడు, కాలము తరిగిపోవుచున్నది. ఇంతటి అసహాయతకు కోపము రాకుండునా?

గడియారమును ఏల ఆపరాదని అడుగవచ్చును. ఆపినచో ఓడిపోవుచున్నవాడు తానే తీగ పెరికి, తీరికగ ఆలోచించుకొని తిరిగివచ్చును. నియమము మోసగానిని తలచుకొని చేయబడినది. దెబ్బ నిర్దోషికిని తగులుచున్నది. చేతితో పెరికిన తీగకును, తనంత తెగిన తీగకును గల భేదము యంత్రమునకు తెలియదు. (దూరమున కూర్చుండి తీర్పు చెప్పు మనుష్యులకు మాత్రము ఎంత తెలియును?)

2020లో కరోనా వ్యాధి కారణమున ప్రపంచ చదరంగ సమాఖ్యయగు ఫిడే ఒక ఒలింపియాడును అంతర్జాలముననే జరిపెను. భారత జట్టులో తెలుగువారైన కోనేరు హంపి, ద్రోణవల్లి హారిక, పెంటేల హరికృష్ణ ఉండిరి. ఆగస్టు 28న క్వార్టర్ ఫైనలులో ఆర్మీనియాతో పోటీ. ఆ జట్టువాడైన హైక్ మార్టిరోస్యాన్ మన నిహాల్ సరీన్‌తో ఆడుచుండగా కనెక్షను తెగి, కాలము మించి ఓడెను. ఆర్మీనియా చేసికొన్న అప్పీలు త్రోసివేయబడెను. ఆ జట్టు రెండవ విడత ఆడక వైదొలగెను. భారతము ముందునకు సాగెను.

రెండు దినములకే, ఆగస్టు 30న, రష్యాతో ఫైనలు. మొదటి విడతలో ఆరు ఆటలును డ్రాగా ముగిసినవి. రెండవ విడత నడుచుండగా అంతర్జాలమునకు పలు దేశములలో అంతరాయము కలిగెను. ఈ మారు వాకిలి వెలుపల నిలిచినవాడు ఆ నిహాలే. అతనితోపాటు దివ్యా దేశ్‌ముఖ్. ఇరువురును కాలము మించి ఓడిరి. విజయము రష్యాదని మొదట ప్రకటింపబడెను. భారతము అప్పీలు చేయగా, ఫిడే అధ్యక్షుడు అర్కాడీ ద్వోర్కోవిచ్ ఇరు జట్లకును స్వర్ణపతకములు ప్రకటించెను.

రెండు తీర్పులకును నడుమ భేదము చూపవచ్చును. ఫైనలునాటి అంతరాయము పెక్కు దేశములను తాకినది. ఆర్మీనియా ఆటగాని విషయమున లోపము అతని వైపుననే యున్నదని భావింపబడెను. ఈ వాదము త్రోసిపుచ్చదగినది కాదు. అయినను, చీకటి తెర యెదుట కూర్చుండిన యువకునకు తీగ ఎచ్చట తెగినదో ఏమి తెలియును? ఇరువురి వేదనయు ఒక్కటియే.

భారతమునకు పతకము దక్కినందుకు సంతోషించుట తప్పు కాదు. కాని 30వ తేదీన అన్యాయమని ఆక్రోశించినవారిలో 28వ తేదీన ఎందఱు నోరు విప్పిరి? ఆనాడు నియమము నియమమే యనిపించినది. మూడవనాడు ఆ నియమమే క్రూరముగ తోచినది. న్యాయము కొఱకు పుట్టిన కోపమును, సొంత నష్టము కొఱకు పుట్టిన కోపమును వేరుచేసి చూపుటకు ఇంతకంటె మంచి ఒరగల్లు దొరకదు. ఎదుటివాని ముందు వాకిలి మూసికొన్నప్పుడు మౌనము వహించినవాడు, తన వంతు వచ్చినప్పుడు మొఱపెట్టుకొను హక్కును కొంత పోగొట్టుకొనును. అయితే ఇది ఆడు పిల్లవాండ్రపై మోపదగిన బరువు కాదు; నియమములు వ్రాయు పెద్దలును, చూచి చప్పట్లు కొట్టువారును మోయవలసినది. ఆగిన ఆటను ఆ స్థితినుండియే మరల ఆడించు మార్గము ఇరుపక్షములకును సమానముగ తెరచియుండవలెను.

2022లో ఒలింపియాడు చెన్నై చెంతనున్న మామల్లపురమున జరిగెను. అచ్చట చేతికి తగులు పావులు, ఎదురెదురు కుర్చీలు. ఓపెన్ విభాగమున ఆర్మీనియా రజతము గెలుచుకొనెను. నిహాల్ ఆడిన భారత రెండవ జట్టునకు కాంస్యము లభించెను.